బంగారం తడిస్తే తప్పేంటి?

కాల్వ నీళ్లు, బోరు నీళ్లు, నల్లా నీళ్లు, కృష్ణమ్మ నీళ్లు... ఒంటిమీది నగ ఏడాది పొడవునా ఏదో ఒక నీటిలో తడుస్తూనే ఉంటుంది. ఏ లోహానికి ఏ నీటితో పడదో తెలిస్తే పుస్తెలతాడైనా, పట్టీలైనా పదికాలాలు ఉంటాయి.

సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొదిలారంటే మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో నాట్ల సందడి మొదలైనట్టే. పొద్దున్నే ఆటోల్లో పొలాలకు బయల్దేరే ఆడవాళ్ల కాళ్లకు పట్టీలు, వేళ్లకు మట్టెలు, మెడలో పుస్తెలతాడు ఉంటాయి. సాయంత్రం దాకా పని బురదలోనే. నాట్లు అయిపోయేసరికి తెల్లటి పట్టీలు మసి పట్టినట్టు నల్లబడతాయి. మెడలోని బంగారం మాత్రం కాస్త మాసినట్టు ఉంటుందంతే.

మనిషి ఒక్కరే, పొలం ఒక్కటే, నీళ్లూ అవే. మరి వెండి ఒక్కటే ఎందుకు నల్లబడింది? 'ఒంట్లో వేడి చేసింది' అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. 'కల్తీ వెండి అంటగట్టి ఉంటారు' అంటారు పక్కింటివాళ్లు. కారణం చాలాసార్లు ఒంట్లోనూ ఉండదు, దుకాణంలోనూ ఉండదు. కాళ్లకింది బురదలోనే ఉంటుంది.

నగలకు నీళ్లు తగలకూడదని చాలామంది అనుకుంటారు. నిజానికి మంచినీళ్లు బంగారాన్నీ, వెండినీ పెద్దగా ఏమీ చేయవు. చేసేదంతా ఆ నీళ్లలో కలిసి వచ్చేవే. వాటిలో ఒక్కొక్కటి ఒక్కో లోహం మీద పడుతుంది. ఆ సంగతి తెలియక కొందరు మంచి నగను బీరువాలో దాచి, నీళ్లకు నిలవని నగను రోజూ స్నానంలో వేసుకుంటారు.

నీళ్లకు జంకని లోహం

మేలిమి బంగారం, అంటే 24 క్యారెట్లది, నీటితోనూ గాలితోనూ కలవదు. తుప్పు పట్టదు, చిలుము పట్టదు. వందల ఏళ్లు మట్టిలో ఉన్న బంగారు నాణెం కడగ్గానే మెరిసేది అందుకే. అయితే మేలిమి బంగారం మరీ మెత్తన. దాంతో గొలుసు చేస్తే నాలుగు రోజుల్లో సాగిపోతుంది. అందుకే రాగి, వెండి లాంటివి కలుపుతారు. మనం '916' అనే 22 క్యారెట్ల నగలో నూటికి 91.6 పాళ్లు బంగారం, మిగిలిన 8.4 పాళ్లు ఈ కలిపిన లోహాలు. 18 క్యారెట్లలో బంగారం 75 పాళ్లే. నీళ్ల వల్ల ఏదైనా ఇబ్బంది వస్తే అది ఆ కలిపిన లోహాలకే. క్యారెట్లు తగ్గేకొద్దీ నగ నీళ్లను తట్టుకునే శక్తీ తగ్గుతుందని గుర్తుంచుకుంటే చాలు.

మరి రోజూ స్నానంలో ఉండే పుస్తెలతాడు ఎందుకు మెరుపు తగ్గుతుంది? ఉప్పు నీళ్లు, సబ్బు కలిసి చేసే పని అది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే సబ్బు సరిగ్గా నురగ రాదు. దాని బదులు తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచున, కుళాయి మూతిన కనిపించేది ఆ తెట్టే. గొలుసు కొక్కేల మధ్య, పుస్తెల వెనకవైపు, కమ్మల రాళ్ల కింద కూడా అదే పేరుకుంటుంది. దానికి పసుపు, కొబ్బరినూనె, చెమట తోడైతే చెప్పేదేముంది! బంగారం మాత్రం చెక్కుచెదరదు, పైన ముసుగు పడుతుందంతే. గోరువెచ్చటి నీళ్లలో షాంపూ కలిపి నానబెట్టి, మెల్లగా రుద్దితే ఆ ముసుగు పోతుంది.

తాగునీటిలో ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే దారి లేకపోతే 600 దాకా ఫర్వాలేదనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. మీ ఇంట్లో గీజరుకూ, స్టీలు గిన్నెలకూ తెల్లటి పొర కడుతోందంటే మీ నగలకూ కడుతున్నట్టే.

నల్గొండ నీళ్లనగానే గుర్తొచ్చేది ఫ్లోరైడు. నీళ్లలోంచి ఫ్లోరైడును తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు 'నల్గొండ టెక్నిక్' అని ఈ జిల్లా పేరే పెట్టారు. దాంతో బంగారం చెడిపోతుందా అన్న అనుమానం కొందరికి ఉంటుంది. చెడిపోదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు పళ్లకూ ఎముకలకూ కీడు చేస్తుందిగానీ, నీళ్లలో ఉండే ఆ కాస్త మోతాదు బంగారాన్ని ఏమీ చేయలేదు.

వెండికి బురదతో వైరం

వెండికి నీళ్లతో పేచీ లేదు. దాని పేచీ అంతా గంధకంతో. హైడ్రోజన్ సల్ఫైడు లాంటి రూపాల్లో గంధకం తగిలితే వెండి పైపొర నల్లటి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది.

వరి మడిలో జరిగేదీ అదే. పొలానికి నీళ్లు పెట్టి నిలవ ఉంచితే కొద్దిరోజుల్లోనే అడుగు మట్టిలో గాలి అయిపోతుంది. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు ఎరువుల్లోనూ మట్టిలోనూ ఉన్న సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. మడిలో కాలు పెట్టగానే బుడగలు లేచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది చూశారూ, ఆ వాయువే ఇది. అమ్మోనియం సల్ఫేటు, సూపర్ ఫాస్ఫేటు, జిప్సం లాంటివి వేసిన పొలాల్లో గంధకానికి కొదవుండదు. వెండి పట్టీలతో రోజంతా ఆ బురదలో నిలబడితే నల్లబడటంలో వింతేముంది!

ఇవే నీళ్లు కాల్వలో పారుతున్నప్పుడు అంత ఇబ్బంది ఉండదు. పారే నీటిలో గాలి కలుస్తుంది. నిలవ ఉన్న చోటే గొడవ. మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకుల దగ్గరా ఇంతే. హైదరాబాద్ మురుగును మోసుకుంటూ సూర్యాపేట పక్కనుంచి సాగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ నీళ్లయినా, వాసన కొడుతున్న చోట వెండికి పడవు.

'ఒంట్లో వేడి' మాట పూర్తిగా కొట్టిపారేయాల్సిందీ కాదు. చెమటలోనూ గంధకం కలిసిన పదార్థాలు, ఉప్పు ఉంటాయి. ఒక్కొక్కరి చెమట ఒక్కోలా ఉంటుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే దుకాణంలో కొన్న పట్టీలు ఒకరి కాళ్లకు తెల్లగా, ఇంకొకరి కాళ్లకు నల్లగా ఉండటానికి ఇదీ ఒక కారణమే. అది జబ్బూ కాదు, దోషమూ కాదు. గజ్జికి రాసే గంధకం మందు తగిలినా వెండి నల్లబడుతుంది.

ఇంట్లోనూ వెండికి శత్రువులున్నాయి. రబ్బరు బ్యాండులో గంధకం ఉంటుంది. పట్టీలను దాంతో చుట్టి పెడితే ఆ చుట్టిన చోటే నల్లటి గీత పడుతుంది. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా వెంటనే కడగకపోతే మచ్చపడుతుంది. పత్రికల కాగితమూ, సిరా కూడా వెండికి మంచివి కావు. కాబట్టి ఈ పేజీ చదివి దాచుకోండిగానీ, ఇందులో వెండి కుంకుమభరిణె మాత్రం చుట్టకండి!

ఊరట ఏమిటంటే, ఈ నలుపు పైపైనే. వెండి ఎక్కడికీ పోదు. కాకపోతే నల్లబడిన ప్రతిసారీ ముగ్గుపిండితోనో, బూడిదతోనో గట్టిగా తోమితే నలుపుతోపాటు కాస్త వెండీ పోతుంది. ఏళ్ల తరబడి అలా తోమిన మట్టెలు పలచబడి, అంచులు పదునెక్కి వేలిని కోస్తుంటాయి.

నల్లా నీళ్లు, బ్లీచింగు

నల్లా నీళ్లలో సూక్ష్మజీవులు చావడానికి క్లోరిన్ కలుపుతారు. ఇంటి కుళాయి దగ్గరికి వచ్చేసరికి అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలన్నది ప్రమాణం. ఇంత తక్కువ క్లోరిన్‌తో 22 క్యారెట్ల బంగారానికి భయమేమీ లేదు.

మోతాదు పెరిగితే మాత్రం కథ మారుతుంది. సంపు కడగడానికి వాడే చిక్కటి బ్లీచింగ్ పౌడర్ నీళ్లు, తెల్లబట్టల మరకలు పోగొట్టే ద్రావణాలు, ఈతకొలనులు... వీటిలో క్లోరిన్ ఎక్కువ. నగలో కలిపిన రాగి, వెండిని అది నెమ్మదిగా తింటుంది. ముందు దెబ్బతినేది అతుకులు. గొలుసు కొక్కెం, ఉంగరంలో రాయిని పట్టి ఉంచే కాళ్లు, కమ్మ వెనక పుల్ల... ఇవి బలహీనపడతాయి. 18 క్యారెట్ల వజ్రపుటుంగరం పెట్టుకుని పిల్లలతోపాటు ఈతకొలనులో దిగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రాయి రాలిపోయినప్పుడు దుకాణాన్ని తిడతాం. కాళ్లు అరగడం ఎప్పుడు మొదలైందో మనకు తెలియదు.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ తగిలితే రాగి, ఇత్తడి, పైపూత నగలు అక్కడికక్కడే రంగు మారతాయి. ఇంకో ముఖ్యమైన మాట. ఆ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. నగల సంగతి తర్వాత, ప్రాణానికే ముప్పు.

వన్ గ్రామ్ నగ... నీళ్లకు దగా

బంగారం ధర చుక్కలు చూపిస్తుంటే పెళ్లిళ్లలో వన్ గ్రామ్ గోల్డ్ హారాలు, వడ్డాణాలు కళకళలాడుతున్నాయి. చూసేవాళ్లకు తేడా తెలియదు. నీళ్లకు మాత్రం తెలుస్తుంది! లోపల రాగో, ఇత్తడో ఉంటుంది. దానిమీద అతి పలచటి బంగారు పూత. ఆ పూతలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. నీళ్లు, చెమట వాటిలోంచి లోపలికి దిగి రాగిని చేరతాయి. అప్పుడు మెడమీద పచ్చటి చార పడుతుంది. అది రాగి లవణాల రంగు. సబ్బుతో కడిగితే పోతుంది. పూత మాత్రం మళ్లీ రాదు.

వీటికి సూత్రం ఒక్కటే. అలంకారమంతా అయ్యాక ఆఖరున వేసుకోవాలి, ఇంటికి రాగానే అన్నిటికంటే ముందు తీయాలి. సెంటు, హెయిర్ స్ప్రే కొట్టుకుని, అవి ఆరాకే పెట్టుకోవాలి. తీసిన తర్వాత మెత్తటి పొడిబట్టతో చెమట అద్ది డబ్బాలో పెట్టాలి. చింతపండు, నిమ్మకాయ, పేస్టు... ఏవీ వీటికి పనికిరావు. తోమితే పోయేది మురికి కాదు, పూతే.

సద్దుల బతుకమ్మ రోజు సూర్యాపేట సద్దుల చెరువు కట్టమీద చూడాలి ఆడపడుచుల నగలు! అసలువీ, పూతవీ కలిసే ఉంటాయి. బతుకమ్మను నీళ్లలో వదలడానికి వంగేటప్పుడు చేతిగాజులు తడవకుండా ఉండవు. ఇంటికి రాగానే అసలు బంగారం మంచినీళ్లతో కడిగి తుడిస్తే సరిపోతుంది. పూత గాజులను మాత్రం వెంటనే పొడిబట్టతో తుడిచి, ఫ్యాను గాలికి ఆరబెట్టి లోపల పెట్టండి. తడిగానే డబ్బాలో పెడితే సంక్రాంతికి తీసేసరికి మచ్చలతో కనిపిస్తాయి.

ముత్యం, పగడం, లక్క

నగంటే లోహం ఒక్కటే కాదు కదా. ముత్యం, పగడం రెండూ కాల్షియం కార్బొనేటుతో తయారైనవే. పులుపు తగిలితే కరుగుతాయి. బంగారానికి మెరుపు తెస్తుందని చింతపండు నీళ్లలో ముత్యాల దండను నానబెడితే ముత్యాల నిగారింపు తిరిగి రాదు. వాటిని తడిబట్టతో తుడిచి, నీడన ఆరబెట్టాలి. దారం తడిసి మెత్తబడి తెగుతుంది కనుక రోజూ వేసుకునే దండను అప్పుడప్పుడూ కొత్త దారంతో గుచ్చించుకోవాలి. పసుపుతాడుకూ అంతే. స్నానంలో నాని, చెమటకు మగ్గిన తాడు చూడటానికి బాగానే ఉంటుంది, లోపల పోగులు తెగి ఉంటాయి.

గుండ్ల హారాలు, పాతకాలపు బోలు నగల లోపల లక్క నింపుతారు. వేడినీళ్లకు లక్క మెత్తబడుతుంది. సందుల్లోంచి నీళ్లు లోపలికి పోతే బయటికి రావడం కష్టం. అమ్మమ్మ ఇచ్చిన గుండ్ల హారాన్ని మరుగుతున్న నీళ్లలో వేయడమంత పొరపాటు ఇంకోటి ఉండదు. పచ్చలకు పగుళ్లు కనిపించకుండా నూనె పట్టిస్తారు. వాటికీ వేడినీళ్లు, సబ్బు పడవు.

నదిలో మునిగేటప్పుడు

2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగిన కృష్ణా పుష్కరాల్లో వాడపల్లి, మట్టపల్లి ఘాట్లు జనంతో కిక్కిరిసిపోయాయి. మళ్లీ పుష్కరాలు 2028లో. ఈలోగా కార్తీకమాసాలు, పున్నమి స్నానాలు ఎలాగూ ఉంటాయి. కృష్ణ నీళ్లు బంగారానికి చేసే కీడేమీ లేదు. అక్కడ ముప్పు నగ చెడిపోవడం కాదు, జారిపోవడం.

చల్లటి నీళ్లలో దిగితే వేళ్లు కాస్త సన్నబడతాయి. ఒడ్డున బిగుతుగా ఉన్న ఉంగరం నీళ్లలో వదులవుతుంది. సబ్బు రాసుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. మునిగి లేచేటప్పుడు గొలుసు జుట్టుకో, తుండుకో చిక్కుకుని తెగుతుంది. అందుకని నదీస్నానానికి వెళ్లేటప్పుడు వదులు ఉంగరాలు, బరువైన గొలుసులు ఇంట్లోనే పెట్టి వెళ్లడం మేలు. ఒడ్డున మూటగట్టి పెట్టి నీళ్లలో దిగితే ఆ బెంగతో పుణ్యస్నానం కూడా ప్రశాంతంగా ఉండదు. తీయకూడదనుకునే పుస్తెలతాడును ముందుగా అవుసలి దగ్గర చూపించి కొక్కెం బిగింపించుకోవాలి.

మడిలో కమ్మ జారిపడితే కంగారుగా తొక్కకండి. బరువైన బంగారం బురదలో వెంటనే కిందికి దిగుతుంది, తొక్కితే ఇంకా దిగుతుంది. ఆ చోట పుల్ల పాతి, గట్టుకు గండి కొట్టి నీళ్లు తీసేసి, పైమట్టిని గంపకెత్తి జల్లెడలో కడగాలి. అయస్కాంతం తెచ్చి వెతికితే ప్రయోజనం లేదు. బంగారం, వెండి దానికి అంటుకోవు. స్నానాలగదిలో పడితే ముందు నీళ్లు కట్టేయాలి. సింకు కింద వంపు తిరిగిన గొట్టంలోనే చాలాసార్లు నగ ఆగి ఉంటుంది.

నగ సరే, చర్మం మాటేంటి?

నీళ్లలో నానేది నగ ఒక్కటే కాదు, దాని కింది చర్మం కూడా. రోజంతా తడిలో ఉంటే మట్టెల కింద, వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా మెత్తబడి పగులుతుంది. అక్కడ బూజుజాతి క్రిములు చేరి దురద, పుండ్లు పడతాయి. పొలం నుంచి రాగానే మట్టెలను అటూ ఇటూ జరిపి మంచినీళ్లతో కడిగి, సందులు పూర్తిగా తుడుచుకోవాలి. షుగరు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. కాలికి స్పర్శ తగ్గి ఉంటే మట్టె ఒరుసుకున్న సంగతే తెలియదు. చిన్న పుండు పెద్దదవుతుంది. అలాంటివాళ్లు మట్టెలు వదులు చేయించుకోవాలి, లేదంటే కొన్నాళ్లు తీసి పెట్టాలి. సంప్రదాయం పాదం కంటే ఎక్కువ కాదు కదా!

చవక కమ్మలు పెట్టుకుంటే చెవులు దురదపెట్టి రసి కారుతోందా? అది నికెల్ పడకపోవడం కావచ్చు. పూత కింద నికెల్ ఉంటే చెమటకూ తడికీ కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ఒకసారి పడకుండా పోయిందంటే సాధారణంగా జీవితాంతం పడదు. యూరప్ దేశాలు 1994లోనే నగల్లోంచి వెలువడే నికెల్‌కు పరిమితి పెడుతూ నిబంధన తెచ్చాయి. చిన్నపిల్లలకు చెవులు కుట్టించేటప్పుడు చిన్నదైనా సరే మంచి బంగారపు పోగే పెట్టించమని పెద్దలు చెప్పే మాటలో అర్థముంది.

ఉంగరం వేలికి బిగిస్తే చెయ్యి పైకెత్తి ఉంచి, చల్లటి నీళ్లలో కాసేపు పెట్టి, సబ్బు రాసి మెల్లగా తిప్పుతూ తీయాలి. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఇంట్లో ప్రయోగాలు చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఉంగరాన్ని కోసి తీస్తారు. కోసిన ఉంగరాన్ని మళ్లీ అతికించుకోవచ్చు, వేలిని అతికించలేం.

మెరుగు పెడతామంటూ వస్తారు

నగను ఏ నీళ్లూ చేయనంత నష్టం చేసేవి 'మెరుగు నీళ్లు'. మగవాళ్లు ఇంట్లో లేని వేళ చూసి ఇద్దరు మనుషులు వాకిట్లోకొస్తారు. ఏదో పౌడరు అమ్ముతున్నామంటారు. ముందు ఇత్తడి చెంబు తోమి చూపిస్తారు, తర్వాత వెండి పట్టీలు. అన్నీ ఉచితమే. నమ్మకం కుదిరాక పుస్తెలతాడు అడుగుతారు. గిన్నెలో ఏదో పోసి, అందులో ముంచి తీసి, పసుపు పూసి, 'పొయ్యిమీద పెట్టి పదినిమిషాలయ్యాక తీయండి' అని చెప్పి వెళ్లిపోతారు. తీసి చూస్తే నగ ఉంటుంది, బరువు ఉండదు.

ఆ గిన్నెలో ఉండేది నీళ్లు కాదు. బంగారాన్ని కరిగించే యాసిడ్ల మిశ్రమం. నత్రికామ్లం, హైడ్రోక్లోరికామ్లం విడివిడిగా బంగారాన్ని ఏమీ చేయలేవు. రెండూ తగిన పాళ్లలో కలిస్తే బంగారం అందులో కరుగుతుంది. దాన్నే రసాయనశాస్త్రంలో ద్రవరాజం అంటారు. కరిగిన బంగారం ఆ ద్రవంలోనే ఉంటుంది. వాళ్లు దాన్ని జాగ్రత్తగా సీసాలో పోసుకుపోయి, తర్వాత బంగారాన్ని వేరుచేస్తారు. కొందరైతే అంత శ్రమ కూడా పడకుండా నగనే మార్చేస్తారు.

మంచి మెరుపు వచ్చింది కనుక వారాలపాటు అనుమానమే రాదు. అప్పు కోసం బ్యాంకుకు వెళ్లి కాటా మీద పెట్టినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. నాట్లు, కలుపులు, కోతల కూలి డబ్బులు కూడబెట్టి కొన్న తులం బంగారం అది. బిడ్డ చదువుకో, ఆస్పత్రి ఖర్చుకో ఆసరా అవుతుందనుకున్నది. అందుకే ఇంటికొచ్చి మెరుగు పెడతామనే అపరిచితులకు ఒక్కటే సమాధానం చెప్పాలి... వద్దు. తెలిసిన దుకాణంలోనైనా సరే, ఇచ్చే ముందు ఒకసారి, తీసుకునేటప్పుడు ఒకసారి కళ్లముందే తూకం వేయించుకోవాలి.

ఇంట్లో ఇలా శుభ్రం చేయండి

బంగారం: గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి నాలుగు చుక్కల షాంపూ గానీ, వడకట్టిన కుంకుడు రసం గానీ కలపండి. రాళ్లు లేని నగను పావుగంట నాననిచ్చి, పసిపిల్లల బ్రష్షుతో మెల్లగా రుద్దండి. ఇంకో గిన్నెలో కడగండి. సింకులో కుళాయి కింద మాత్రం కడగొద్దు. నూలుబట్టతో అద్ది పూర్తిగా ఆరాకే పెట్టుకోండి. ఉప్పు నీళ్లుంటే ఆఖరిసారి తాగే ఫిల్టరు నీళ్లతో కడిగితే తెల్లమచ్చలు పడవు. టూత్‌పేస్టు వద్దు. అందులోని గరుకు పొడి బంగారం కంటే గట్టిది, సన్నటి గీతలు పెడుతుంది.

వెండి: గాజు గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల తినే సోడా, చిటికెడు ఉప్పు వేసి, పట్టీలు ఫాయిల్‌కు తగిలేలా పెట్టండి. కొద్ది నిమిషాల్లో నలుపు వదులుతుంది. వెండిని పట్టుకున్న గంధకం అల్యూమినియం వైపు వెళ్లిపోతుంది కనుక తోమాల్సిన పనే ఉండదు. చిన్నగా కుళ్లుగుడ్డు వాసన వస్తే భయపడకండి, కిటికీ తెరవండి. రాళ్లు, మీనాపని ఉన్నవాటికీ, కావాలని నల్లరంగు వేసిన నగలకూ ఈ పద్ధతి వద్దు.

రాగి, ఇత్తడి: రాగి కడియం, ఇత్తడి ఉంగరాలకు చింతపండే మందు. తోమిన వెంటనే బాగా కడిగి ఆరబెట్టాలి. పులుపు మిగిలితే మర్నాటికి మళ్లీ చిలుము పడుతుంది.

దాచేటప్పుడు: ఒక్కో నగను విడిగా నూలుబట్టలో చుట్టండి. వెండిని గాలి చొరని కవరులో పెట్టి, తేమ పీల్చడానికి ఒక సుద్దముక్క వేయండి. బ్యాంకు లాకరులోని నగలనూ ఏడాదికోసారైనా తీసి చూసుకోండి.

పుస్తకంలో ఒక పేజీ

దేశంలో బంగారు నగలకు హాల్‌మార్కింగ్‌ను దశలవారీగా తప్పనిసరి చేయడం 2021 జూన్ 16న మొదలైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగమీద అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ సంఖ్య ఉండాలి. 'బీఐఎస్ కేర్' యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ వివరాలు కనిపిస్తాయి. కొన్నేళ్లు పోతే రోజూ వేసుకునే నగమీది అక్షరాలు అరిగిపోవచ్చు. కొన్న రోజే రాసి పెట్టుకోవాలి.

పాలవాడి లెక్క, చాకలి లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ నగలకు కేటాయించండి. నగ పేరు, కొన్న తేదీ, బరువు, హెచ్‌యూఐడీ. ఏటా దసరాకో, ఉగాదికో తెలిసిన దుకాణంలో తూకం వేయించి పక్కనే రాయండి. గొలుసు కొక్కేలు ఒకదానికొకటి రాసుకుని ఏళ్లు గడిచేకొద్దీ కొద్దిగా తరగడం సహజం. ఒక్క ఏడాదిలోనే ఎక్కువగా తగ్గిందంటే అది నీళ్ల పనీ కాదు, సబ్బు పనీ కాదు. ఆ నగ ఎవరి చేతుల్లోకి వెళ్లి వచ్చిందో గుర్తు తెచ్చుకోండి.